అమ్మకు మలద్వారం నుంచి పేగు జారుతోందా, మొలలేనా?

అమ్మకు 67 ఏళ్లు. ఆరు నెలలుగా విరేచనానికి కూర్చున్నప్పుడల్లా ఎర్రటి కండలాంటిది బయటికి వస్తోందట. మొదట్లో లేవగానే దానంతట అదే లోపలికి పోయేది, ఇప్పుడు చేత్తో నెట్టుకోవాల్సి వస్తోంది. బట్టలకు జిగట, అప్పుడప్పుడు రక్తపు మరక. సిగ్గుతో ఇన్నాళ్లూ నాకు చెప్పనేలేదు, నాకదే ఎక్కువ బాధ.

ఒక డాక్టరు పడుకోబెట్టి చూసి మొలలన్నారు, పూతమందు రాశారు. తగ్గలేదు. నిన్న నేనే చూశాను: మడతలు ఒకదాని చుట్టూ ఒకటి గుండ్రంగా, వలయాల్లా ఉన్నాయి. మొలలైతే విడివిడి బుడిపెల్లా ఉంటాయని, ఇలా వలయాలుంటే పురీషనాళం (పెద్దపేగు చివరి భాగం) జారినట్టని చదివాను. అమ్మకు ఏళ్ల తరబడి మలబద్ధకం, గట్టిగా ముక్కే అలవాటు, పైగా నాలుగు కాన్పులు. పొత్తికడుపు అడుగున ఉండే కండరాలు వదులవడానికి ఇవే కారణమా?

మీ ఇంట్లో ఎవరికైనా ఇలా వచ్చిందా? కూర్చోబెట్టి ముక్కించి చూస్తేనే బయటపడిందా? డెఫికోగ్రఫీ (విరేచనానికి ముక్కేటప్పుడు తీసే స్కాన్), కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూడటం) రెండూ చేయించారా? ఆపరేషన్ పొట్ట వైపు నుంచి చేశారా, కింది నుంచా? లోపలికి పోకుండా నల్లబడితే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలని తెలుసు. అంతవరకూ రాకముందే సరైన సర్జన్‌కు చూపించాలని నా టెన్షన్. ఫోటో తీసి చూపిద్దామంటే అమ్మ ఒప్పుకోవట్లేదు, ఎలా నచ్చజెప్పాలి?