అప్‌డేట్: 300 ప్యాచ్, 6,500 ప్యాచ్ సంగతి తేలింది

పోయిన నెల అడిగాను కదండీ, విజయవాడ వన్‌టౌన్‌లో 300కి కొన్న సీబీఐ ప్యాచ్ (యూనిఫాం మీద కుట్టుకునే గుడ్డ బ్యాడ్జి) లాంటిదే ఇంకోచోట 6,500 ఎందుకు చెప్తున్నారని. (దర్యాప్తు చేసే సీబీఐ కాదు, రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యపు చైనా-బర్మా-ఇండియా రంగం.)

మీరన్నట్టే దొంగనోట్లు చూసే యూవీ టార్చి తెచ్చి, లైట్లన్నీ ఆపి ప్యాచ్ మీద వేశా. దారం ట్యూబ్‌లైట్‌లా వెలిగింది. యుద్ధకాలపు దారం అలా మెరవకూడదు కదా, సగం ఆశ అక్కడే పోయింది. అయినా ఇప్పటి సర్ఫులో ఉతికితే పాత గుడ్డ కూడా మెరుస్తుందట, అందుకని అంచు చూశా. తాడు పేనినట్టు లావుగా చుట్టిన కుట్టు, వెనక చిన్న దారం తోక. మెరో అంచు అంటారు దాన్ని, 1960ల నుంచే మామూలైంది. యుద్ధకాలంలో మెషిన్ మీద కుట్టినవి ఎక్కువగా పల్చటి కత్తిరింపు అంచుతో ఉంటాయి. నాది తర్వాత చేసిన నకలే.

గుంటూరు బ్రాడీపేటలో ఒకాయన దగ్గర అసలుది చేత్తో పట్టుకున్నా. యుద్ధమప్పుడు మన దేశపు దర్జీలు జరీతో చేసిచ్చింది. జరీ నల్లబడి, అచ్చం మా అమ్మ పెళ్లిచీర అంచులా ఉంది. వెనక యూనిఫాం నుంచి ఊడదీసిన దారం ముక్కలు ఇంకా ఉన్నాయి. ధర ఆ చేతిపనికండీ. అదే కాలంనాటి ఫ్యాక్టరీ ప్యాచ్ అసలుదైనా అంత పలకదన్నారాయన.

షాపాయన అసలుదని ఎప్పుడూ అనలేదు, గొడవేం లేదు. మావాడి స్కూలు బ్యాగుకి కుట్టించేశా.