బైపోలార్‌కు లిథియం మాత్రలు వాడేవాళ్ళు ఎండాకాలం ఎట్లా నెట్టుకొస్తారు? తిరుపతి, చిత్తూరు వాళ్ళు చెప్పండి

పలమనేరు_అక్క:
అందరికీ నమస్తే. మా తమ్ముడికి బైపోలార్ (మనసు ఒకసారి విపరీతంగా ఎగిరి, ఒకసారి కుంగిపోయే జబ్బు) అని చెప్పినారు, వేలూరు బాగాయంలో సీఎంసీ వాళ్ళ మానసిక ఆస్పత్రిలో చూపిస్తా ఉండాము. మొదట వేరే మాత్రలతో మానియా, అంటే నిద్ర లేకుండా ఊపెక్కిపోయేది, దించి ఇప్పుడు లిథియం మీద పెట్టినారు, రాత్రిపూట ఒకేసారి వేసుకోమన్నారు. పిల్లోడు నిద్రపోతాన్నాడు, తింటాన్నాడు, అప్పులు చేసి ఫోన్లు కొనేది ఆపినాడు, అదే పదివేలు మాకు. ఇప్పుడు తంటా యాడ వచ్చిందంటే ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో మాట. నయమైతే నడిపించి కొండెక్కిస్తానని అమ్మ మొక్కుకునింది, అదీ మే నెల్లోనే, ఉపవాసంతో. నాన్నకు బీపీ కాబట్టి ఇంట్లో వంటంతా ఉప్పు తగ్గించేసినాము, అందరికీ మంచిదే కదా అనుకున్యాము. మెడికల్ షాపు పిల్లోడేమో "ఇది కిడ్నీలు తినేసే మాత్రక్కా, ఎన్నాళ్ళు వాడతారు" అని ఒక మాట పడేసినాడు, అప్పట్నుంచి అమ్మకు నిద్ర లేదు. మళ్ళీ డాక్టరు దగ్గరికి పోయేదానికి ఇంకా టైముంది. ఏండ్ల తరబడి వాడతా ఉండేవాళ్ళు ఉంటే కొంచెం చెప్పండి.

మెట్లదారి:
అక్కా నేను తిరుపతే, లిథియం చాలా ఏండ్లుగా వాడతాన్నా, కొండకు కూడా నడిచే పోతా. కానీ మేలో, ఉపవాసంతో మాత్రం వద్దే వద్దు, అమ్మకు ఎట్లన్నా నచ్చజెప్పండి. అలిపిరి నుంచి 3,550 మెట్లు, గాలిగోపురం చేరేసరికే చొక్కా పిండుకునే పరిస్థితి. ఒంట్లో నీళ్ళు, ఉప్పు తగ్గితే కిడ్నీ ఉప్పును బయటికి పోనీకుండా పట్టి పెట్టుకుంటుంది, దానికి లిథియం కూడా ఉప్పు మాదిరే అనిపిస్తుంది, అందుకని దాన్నీ వెనక్కి లాగేసుకుంటుంది. మీరు వేసేది అదే మాత్ర, రక్తంలో లెవెల్ మాత్రం పైకి పోతా ఉంటుంది. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా ఇదే కత.

నేను ఎక్కేది డిసెంబరు జనవరిలో, కడుపునిండా తిని, బాటిల్‌లో ఉప్పేసిన మజ్జిగ పెట్టుకోని. గంగమ్మ జాతరప్పుడు కూడా మధ్యాహ్నం ఎండలో వేషాల వెంట తిరిగేది మానేసినా, పొద్దున్నే పోయి దండం పెట్టుకోని వచ్చేస్తా.

ఇంకోటి, చెయ్యి సన్నగా వణికేది చానామందికి ఉంటుంది, దానికి భయపడాల్సిన పని లేదు. నాకు టీ గ్లాసు అంచుదాకా పోస్తే తొణుకుతుంది, బ్యాంకులో సంతకం ఒక్కోసారి కుదరదు, దానికి డాక్టరు ప్రొప్రనొలాల్ చిన్న డోసు రాసినారు, అంతే. అదే వణుకు పెద్దగా ముతకగా మారి, నడిస్తే తూలిపోతా, మాట ముద్దముద్దగా వస్తా, వాంతులు, మనిషి మబ్బుగా ఉంటే అది వేరే సంగతి. అప్పుడు ఆ రాత్రి మాత్ర వేయొద్దు, నేరుగా ఆస్పత్రికి తీసకపోయి లెవెల్ చూపించండి, తెల్లారేదాకా చూద్దాంలే అనుకోవద్దు.

ల్యాబు_మామ:
రిటైరైన ల్యాబ్ టెక్నీషియన్ని అమ్మా. ఈ మందులో అంతా లెవెల్ మీదే ఉంది. మామూలుగా లీటరు రక్తానికి 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్యలో ఉంచుతారు, 1.5 దాటిందంటే విషం కిందే లెక్క. చూసినావా, పని చేసే డోసుకీ ముంచే డోసుకీ మధ్య ఎంత సందు ఉందో. అందుకే రక్తం తీసే టైము ముఖ్యం: రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు తీయాల. రాత్రి తొమ్మిదికి వేసుకుంటే పొద్దున తొమ్మిదికి. చానామంది పొద్దున మాత్ర కూడా మింగి వచ్చి చెయ్యి చాపుతారు, ఆ రిపోర్టుకు అర్థమే ఉండదు. డోసు మార్చినాక కూడా వెంటనే కాదు, ఐదారు రోజులు కావాల లెవెల్ కుదురుకునేదానికి.

ఇది ఎవరూ చెప్పరు, నేను చెప్తాండా: రక్తం తీసే ట్యూబుల్లో పచ్చమూతది ఒకటి ఉంటుంది, దాంట్లో గడ్డకట్టకుండా వేసే పదార్థం చానాసార్లు లిథియం హెపారినే. దాంట్లో శాంపిల్ పోస్తే ట్యూబులో ఉండే లిథియం కూడా లెక్కలోకి వచ్చి రిపోర్టు ఆకాశంలో ఉంటుంది. మాకు తెలిసినాయన ఒకరికి ఒక ల్యాబులో ఇట్లాగే చేసినారు, మనిషేమో కుర్చీలో కూర్చోని పేపరు చదువుకుంటాన్నాడు, రిపోర్టు చూస్తే ఐసీయూలో ఉండాల్సినోడు. ఎర్రమూత ట్యూబే కదా అని అడగండి, అడిగితే తప్పేం లేదు. లెవెల్‌తో పాటు క్రియాటినిన్ (కిడ్నీ పని చూసే టెస్టు), థైరాయిడ్, కాల్షియం కూడా చూస్తారు, ఆరునెల్లకు ఒకసారైనా.

పలమనేరు_అక్క:
మామా చానా థ్యాంక్స్. మరి ఉప్పు సంగతి? నాన్నకు తగ్గించాలన్నారు, తమ్ముడికి తగ్గించకూడదా?

మందులషాపు_పుత్తూరు:
తగ్గించేది, పెంచేది రెండూ వద్దక్కా. ఎంత తింటా ఉన్నాడో అంతే ఉండనీ, ఉన్నట్టుండి మార్చితేనే లెవెల్ అటూ ఇటూ ఊగుతుంది. వంట చప్పగా చేసుకోండి, తమ్ముడి కంచంలో వేరేగా ఉప్పు కలపండి, ఊరగాయ కూడా మామూలుగానే.

మా షాపుకు వచ్చేవాళ్ళతో నేను ఎక్కువ కొట్లాడేది నొప్పి మాత్రల గురించి. మా ఊరికి కట్టు కట్టించుకునేదానికి ఎక్కడెక్కడోళ్ళో వస్తారు కదా, కట్టు అయినాక నేరుగా షాపుకొచ్చి డైక్లో ఇవ్వు, అసెక్లో ఇవ్వు అంటారు. లిథియం వాడేవాళ్ళకు డైక్లో, అసెక్లో, ఐబుప్రొఫెన్ ఇవన్నీ లెవెల్ పెంచేవే. జ్వరానికైనా నొప్పికైనా పారాసిటమాలే వేసుకోవాల. బీపీ మాత్రల్లో టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఎనలాప్రిల్ లాంటివి కూడా పెంచుతాయి, వీటికి నీళ్ళు పోయే మాత్ర హైడ్రోక్లోరోథయజైడ్ కలిపి వచ్చేవి ఇంకా జాస్తి. మీ నాన్న మాత్రల డబ్బా, తమ్ముడి డబ్బా ఒకే షెల్ఫులో పెట్టొద్దు. పంటి డాక్టరు దగ్గరికి పోయినా లిథియం వాడతాన్నామని ముందే చెప్పండి, వాళ్ళు చీటీ రాసేది నొప్పి మాత్రతోనే మొదలవుతుంది.

కిడ్నీలు తినేస్తుంది అన్నాడే, ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు, పూర్తిగా నిజమూ కాదు. ఏండ్ల తరబడి వాడితే కొందరికి కిడ్నీ పని తగ్గుతుంది, దాహం, మూత్రం జాస్తి అవుతాయి, థైరాయిడ్ మందగిస్తుంది. చూసుకుంటా పోతే ముందే పట్టుకోవచ్చు, థైరాయిడ్‌కైతే చిన్న మాత్ర కలుపుతారు, లిథియం ఆపాల్సిన పని కూడా ఉండదు.

గమ్మునుండు:
ఇన్ని టెస్టులు, ఇన్ని జాగ్రత్తలు కావాల్సిన మందు ఎందుకప్పా అసలు? బ్యాటరీల్లో వాడేది మనిషికి పెడతారా? కొత్త మాత్రలు ఎన్నో వచ్చినాయి కదా, కాణిపాకం పోయి ప్రమాణం చేయించి, యోగా చేయిస్తే సరిపోదా.

పాతపుస్తకం:
గమ్మునుండు గారూ, యోగా ఎవరూ వద్దనలా, మందుతో పాటు చేసుకోమనండి. కొత్తవి వచ్చినాయి నిజమే, కానీ మళ్ళీ మళ్ళీ రాకుండా ఏండ్ల తరబడి కాపలా కాసే విషయంలో లిథియంకు సాటి వచ్చేది ఇంకా కష్టమే. అందరికీ పని చేయదు, సుమారు మూడోవంతు మందికి బ్రహ్మాండంగా కుదురుతుంది, ఎవరికి కుదురుతుందో జన్యువులు చూసి ముందే చెప్పొచ్చా అని పెద్ద పరిశోధనే నడుస్తాంది, 2016లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒకటి వచ్చింది కానీ ఇంకా క్లినిక్‌లో వాడే టెస్టు అంటూ లేదు. పేటెంటు లేని ఉప్పు, దీన్ని అమ్మిపెట్టేదానికి ఏ కంపెనీ రెప్రజెంటేటివూ బ్యాగు తగిలించుకోని తిరగడు, నా ఉద్దేశంలో దీని పేరు జనానికి తెలియకపోడానికి అది కూడా ఒక కారణం.

మీ భయానికి చరిత్రలోనే కారణం ఉందిలెండి. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు మానియా ఉన్న పది మందికి లిథియం ఇచ్చి మార్పు చూపించినాడు. అదే ఏడు అమెరికాలో లిథియం క్లోరైడును ఉప్పుకు బదులుగా గుండెజబ్బు వాళ్ళకు అమ్మినారు, వాళ్ళేమో డాక్టరు చెప్పినాడని మామూలు ఉప్పు మానేసినవాళ్ళు, ఇది ఇష్టం వచ్చినట్టు చల్లుకున్నారు, కొందరు చచ్చిపోయినారు. పైన మెట్లదారి చెప్పిన కిడ్నీ సంగతే అది. అప్పట్లో లెవెల్ చూసే పద్ధతి చేతిలో లేదు, కేడ్ మొదటి పేషెంటు కూడా తర్వాత లిథియం విషంతోనే పోయినాడు. అమెరికా వాళ్ళు మళ్ళీ ఒప్పుకునేసరికి 1970 వచ్చింది. కాబట్టి టెస్టులు కావాల్సిన మందు అని భయపడేదానికన్నా, టెస్టు ఉంది కాబట్టి వాడగలుగుతున్నాం అనుకోండి.

తిరుచానూరు_కోడలు:
నాకు వేరే డౌటు. నేనే పేషెంటుని, పెళ్ళయింది, పిల్లలు కావాలనుకుంటున్నాం. అత్తమ్మ మాత్రలన్నీ ఆపేయమంటాంది, లోపల బిడ్డకు గుండె జబ్బు వస్తుందంట. నేనొకసారి మొత్తం ఆపి చూసినా, తర్వాత ఏం జరిగిందో ఇక్కడ రాయలేను.

పాతపుస్తకం:
అమ్మా, ఆపొద్దు, డాక్టరుతో మాట్లాడకుండా అసలు ఆపొద్దు. ఒక్కసారిగా ఆపితే జబ్బు తిరగబెట్టేది చాలా ఎక్కువ. గుండె సంగతి చెప్తా, 2017లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో పెద్ద లెక్క వచ్చింది: మొదటి మూడు నెలల్లో లిథియం వాడిన తల్లుల బిడ్డల్లో నూటికి 2.41 మందికి గుండె లోపం ఉంది, వాడనివాళ్ళలో 1.15. పెరుగుతుంది, కాదనలా, కానీ నూటికి తొంభై ఏడు మందికి పైగా ఆ లోపం లేదు. డోసు ఎక్కువయ్యే కొద్దీ రిస్కు పెరిగింది. బిడ్డ కడుపులో ఉన్నప్పుడు అసలు భయపడాల్సింది బైపోలార్‌కే ఇచ్చే ఇంకో మందు వాల్‌ప్రోయేట్‌కు, అది వెన్నుపాము, మెదడు మీద దెబ్బ కొడుతుంది, పిల్లలు కనే వయసు ఆడవాళ్ళకు దాన్ని పెట్టేదే తగ్గించాలంటారు. గర్భం రాకముందే సైకియాట్రిస్టును, గైనకాలజిస్టును ఇద్దరినీ కలవండి. నెలలు గడిచేకొద్దీ లెవెల్ పడిపోతుంది, కాన్పయినాక గబుక్కున పెరుగుతుంది, డోసు వాళ్ళే సర్దుతారు.

తిరుచానూరు_కోడలు:
ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదన్నా. అత్తమ్మకు చదివి వినిపిస్తా.

రేణిగుంట_రవ్వ:
మధ్యలో దూరతాన్నందుకు ఏమనుకోవద్దు, లిథియం మతిమరుపుకు మందంట కదా, యూట్యూబులో చూసినా. మా అవ్వకు లిథియం ఒరొటేట్ (లిథియంలోనే ఇంకో రకం ఉప్పు) ఆన్‌లైన్లో తెప్పిద్దామని ఉండా.

మందులషాపు_పుత్తూరు:
రవ్వన్నా ఆగు ఆగు. ఆ వార్త 2025 ఆగస్టులో నేచర్ అనే సైన్సు పత్రికలో వచ్చిన పేపర్‌ది, హార్వర్డ్ వాళ్ళది. అల్జీమర్స్ మొదలయ్యే మెదళ్ళలో లిథియం తగ్గిందనీ, అక్కడ పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీను దాన్ని పట్టేసుకుంటోందనీ చూసినారు, చిన్న డోసు ఒరొటేట్ ఇస్తే ఎలుకల్లో జ్ఞాపకం మెరుగైంది. ఎలుకల్లో అన్నా! మనుషుల మీద తేల్చాల్సింది ఇంకా ఉంది. మీ అవ్వకు బీపీ మాత్ర ఉందా లేదా, కిడ్నీ ఎట్లుందో తెలుసునా? డబ్బాలో ఎంత ఉందో ఎవరు చూస్తారు? నేనైతే అమ్మను.

మెట్లదారి:
ఇట్లా పైకెత్తేది, పడేసేది రెండూ జరుగుతాయి దీంతో. అమెరికాలో మాజీ సైనికుల మీద ఒక ట్రయల్ చేసినారు, ఆత్మహత్య ఆలోచనలు, ప్రయత్నాలు ఉన్న 519 మందికి మామూలు చికిత్సకు లిథియం గానీ ఉత్తుత్తి మాత్ర గానీ కలిపి చూసినారు, తేడా కనిపించక మధ్యలోనే ఆపేసినారు. అది పట్టుకోని నా స్నేహితుడొకడు ఇంకెందుకురా ఈ మాత్రలు అన్నాడు. ఆ ట్రయల్‌లో ఎక్కువమందిది బైపోలార్ కాదు, డిప్రెషన్, అదీ లెవెల్ తక్కువలోనే ఉంది. నాకు దాంతో సంబంధం లేదు, నాకు మానియా రాకుండా ఉంటే చాలు, రాలేదు.

ఎవరికైనా అట్లాంటి ఆలోచనలు వస్తాంటే గమ్మున ఉండొద్దు, మానసిక సమస్యలకు ప్రభుత్వ హెల్ప్‌లైను టెలీ మానస్ 14416కు చెయ్యండి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు కట్టాల్సిన పని లేదు. తిరుపతిలో అయితే రుయా ప్రభుత్వాస్పత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంది.

బాగాయం_తమ్ముడు:
నమస్తే, నేనే ఆ తమ్ముణ్ణి. అక్క ఫోన్లో చూసినా. నా ఉప్పు గురించి, నా మూత్రం గురించి ఊరంతా మాట్లాడినారు, బాగుంది. నా డౌటు ఎవరూ అడగలా. శ్రీసిటీలో ఫ్యాక్టరీలో ఉద్యోగం నాది, వారం పగలు, వారం రాత్రి. సెలవు అయిపోతే మళ్ళీ చేరాల. రాత్రి షిఫ్టు చెయ్యొచ్చా? మాత్ర ఎప్పుడు వేసుకోవాల, తెల్లవారి పడుకునేటప్పుడా?

మెట్లదారి:
రా తమ్ముడూ రా, నువ్వొస్తేనే ఈ థ్రెడ్డుకు అందం. రాత్రి షిఫ్టు వద్దు, నేను గట్టిగా చెప్తా. మనకు నిద్ర తప్పేది సగం మానియాకు గేటు తీసినట్టే, రెండు రాత్రులు వరసగా నిద్ర లేకపోతే మూడోరోజు ప్రపంచమంతా నాదే అనిపిస్తుంది, నీకు తెలిసే ఉంటుంది. వారం వారం మారే షిఫ్టు ఇంకా చెడ్డది. మాత్ర టైము కూడా రోజూ ఒకటే ఉండాల, లేకుంటే ల్యాబు మామ చెప్పిన 12 గంటల లెక్క చెడిపోతుంది.

బాగాయం_తమ్ముడు:
పగలు షిఫ్టే కావాలంటే హెచ్ఆర్ ఎందుకని అడుగుతారు. బైపోలార్ అంటే పిచ్చోడని ఉద్యోగం పీకేస్తే?

పాతపుస్తకం:
2017 మెంటల్ హెల్త్‌కేర్ యాక్టు ప్రకారం నీ జబ్బు వివరాలు రహస్యంగా ఉంచడం ఆస్పత్రి బాధ్యత, నువ్వు ఒప్పుకోకుండా డాక్టరు మీ కంపెనీకి చెప్పకూడదు. ఇన్సూరెన్సు కూడా మానసిక జబ్బుకు మిగతా జబ్బులకు మాదిరే ఇవ్వాలని అదే చట్టంలో ఉంది, కంపెనీ పాలసీ కాగితం ఒకసారి తెప్పించుకోని చదువు.

బాగాయం_తమ్ముడు:
అంటే పగలు షిఫ్టు కోసం డాక్టరు దగ్గర తీసుకునే లెటర్‌లో జబ్బు పేరు రాయించాల్సిన పని లేదా?

మెట్లదారి:
లేదు. "వైద్య కారణాల వల్ల రాత్రి షిఫ్టు తగదు" అని డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు, స్టాంపు ఉంటే చాలు. నాకు అట్లనే రాసిచ్చినారు, హెచ్ఆర్ అమ్మాయి ఏం జబ్బని అడిగితే డాక్టరునే అడగండి అన్నా, అడగలేదు. నైట్ అలవెన్సు మాత్రం పోతుంది, దానికి రెడీగా ఉండు.