సాపేక్షతలో ఉన్న ‘అపేక్ష’ ఏది?

రాయగడ నుంచి:
మా తమ్ముడి కూతురు ప్లస్ టూ. బడిలో ఇంగ్లీషు, స్నేహితులతో ఒడియా, ఇంట్లో మన తెలుగు. ఫిజిక్స్ పరీక్షకి రిలేటివిటీ ప్రిన్సిపుల్ చదువుతూ “పెదనాన్నా, దీన్ని తెలుగులో ఏమంటారు?” అంది. సాపేక్షతా సూత్రం అన్నాను. “సరే, సూత్రం చెప్పు” అని పెన్ను తీసింది, ఫార్ములా అనుకుని! పక్కన చిక్కుడుకాయలు వలుస్తున్న మా అమ్మ “ఆపేక్షంటే ప్రేమ కదరా, ఫిజిక్స్‌లో ప్రేమేటి?” అంది. పిల్లేమో “కాదు మామ్మా, ఒపేఖ్యా అంటే ఆగడం” అంటుంది. ఎవరి మాట నిజం?

పర్లాకిమిడి నుంచి:
ఇద్దరిదీ నిజమే అన్నయ్యగారూ, కానీ ఇద్దరూ పక్కింటి తలుపు తట్టారు. అమ్మగారిది దీర్ఘంతో ఆపేక్ష. ఇక్కడున్నది అపేక్ష. స + అపేక్ష, సవర్ణదీర్ఘసంధి. సంధిలో రెండూ ఒక్కలాగే వినిపిస్తాయి, అందుకే ఈ గందరగోళం. లోపలున్న ధాతువు ఈక్ష్, అంటే చూడ్డం. ప్రేక్షకుడు, నిరీక్షణ, ఉపేక్ష, ఆఖరికి పిల్ల భయపడుతున్న పరీక్ష కూడా ఆ వంశమే. ఎదురుచూసే అర్థం ఒడియాలో ఆగడమైంది, మనకి కోరికైంది. సాపేక్షలో మాత్రం ‘ఒకదాన్ని చూసుకుని, దాన్ని బట్టి’ అని అర్థం. ఇది మీ పిల్లకి ఒడియాలో వచ్చే ఉంటుంది. “రామ ఒపేఖ్యా శ్యామ బొడొ” అంటారు కదా, రాముడి కంటే శ్యాముడు పెద్ద అని. ఆగమనే ఒపేఖ్యా కాదు, ఈ ‘కంటే’ని గుర్తు చెయ్యండి.

బల్లార్షా నుంచి:
మా వైపు మరాఠీలో అపేక్షా అంటే ఆశించడం. అపేక్షించినన్ని మార్కులు రావాలని కోరుకుంటున్నా.

గుణుపురం నుంచి:
ముప్ఫయ్యేళ్ళు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను, కాస్త అడ్డొస్తున్నాను. మాట చక్కగా విప్పారు తల్లీ. కానీ ఆ అర్థం ఒక్కటే పట్టుకుంటే పిల్లలు “లోకంలో అంతా సాపేక్షమే” అని రాసి వస్తారు. సూత్రం చెప్పేది దాదాపు దానికి ఎదురు. చట్రం అంటే మనం నిలబడి చూసి కొలిచే చోటు, బండి గానీ నేల గానీ. ఒకదాన్ని బట్టి ఒకటి నిలకడ వేగంతో, తిన్నగా పోయే చట్రాలన్నిటిలో భౌతిక నియమాలు ఒక్కటే. వేగం చూసేవాడిని బట్టి మారుతుంది, నియమం మారదు.

విజయనగరం నుంచి మీ ఊరొచ్చే బండి గంటకి 60 కిలోమీటర్లతో, కుదుపు లేకుండా తిన్నగా పోతోందనుకోండి. పల్లీ గింజ పైకి ఎగరేస్తే మళ్ళీ మీ చేతిలోనే పడుతుంది. గింజ ఒక్క సెకను గాల్లో ఉంటే, పట్టాల పక్కన మేకలు కాసేవాడి లెక్కలో అది దాదాపు 17 మీటర్లు ముందుకెళ్ళింది, వంపు తిరిగింది. మీ లెక్కలో నిట్టనిలువుగా లేచి దిగింది. దారులు వేరు. గింజని కిందికి లాగిన నియమం మాత్రం ఇద్దరికీ ఒకటే. కిటికీ మూసేస్తే బండి కదులుతోందా, నిలబడిందా అని గింజని అడిగి లాభం లేదు. ఇదే మాట గెలీలియో 1632లో ఓడ లోపలి గది పెట్టి చెప్పాడు. కోరాపుట్ ఘాట్ వంపుల్లో మాత్రం ఈ గింజ పని చెయ్యదు. నిలకడ వేగంతో, తిన్నగా పోయేదే జడత్వ చట్రం. బండి తిరిగినా, బ్రేకు వేసినా అది జడత్వ చట్రం కాదు.

1905లో ఐన్‌స్టీన్ ఈ సూత్రాన్ని కాంతికీ విద్యుత్తుకీ కూడా వర్తింపజేశాడు. పైగా శూన్యంలో కాంతి వేగం అందరికీ ఒకటే అన్నాడు. ఆ వేగం సెకనుకి 29,97,92,458 మీటర్లు. ఈ రెండూ కలిస్తే కాలం, పొడవు కూడా చూసేవాడిని బట్టి మారక తప్పదు. అది సిద్ధాంతం. సూత్రం వేరు, సిద్ధాంతం వేరు. ఈ సూత్రానికి ఫార్ములా ఉండదు, పెన్ను మూసెయ్యమనండి.

పర్లాకిమిడి నుంచి:
మాది గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరు, వాడుక మాట లేకపోతే తోచదు. “రాయగడ వచ్చింది, దిగు” అంటాం. ఊరు వచ్చిందా, మనం వెళ్ళామా? బండిని కదలనిదిగా పెట్టుకునే కదా మాట్లాడుతున్నాం!

గుణుపురం నుంచి:
భేష్. నావలో ముందుకి పోయేవాడికి కదలనివి వెనక్కి పోతున్నట్టు కనిపిస్తాయని 499లోనే ఆర్యభటుడు అన్నాడు. అయితే ఇవి సాపేక్ష వేగానికి ఉదాహరణలు. సూత్రం అడిగితే గింజే రాయాలి.

రాయగడ నుంచి:
పిల్ల ఇలా రాసింది: “చూసేవాళ్ళని బట్టి వేగం మారుతుంది కానీ అన్ని చట్రాల్లోనూ భౌతిక నియమాలు ఒకటే.” సరిపోతుందా మాస్టారూ?

గుణుపురం నుంచి:
‘అన్ని జడత్వ చట్రాల్లోనూ’ అని దిద్దమనండి. బ్రేకు వేసిన బండిని మరిచిపోయింది.