సమస్య: చచ్చినట్టి పెట్టె షాకు కొట్టె

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను, పూరించండి. మొన్న చెన్నైలో మా మామయ్య గారి పాత పిక్చర్ ట్యూబ్ టీవీ విప్పుతూ నేను తిన్న దెబ్బే ఇది. మోచేతి దాకా జివ్వుమంది. యతి ఎంత ముఖ్యమో, షాకిచ్చిన ఆ ఛార్జి పెట్టెలో ఎక్కడ దాక్కుందో చెప్పడమూ అంతే ముఖ్యం.

పెరంబూరు బాబాయి:

మీట నొక్క వెలుగు మెరయకున్నను గూడ
లోన నున్న ఛార్జి లోనె నిలిచె;
ప్లగ్గు పీకి వెనుక పలకను విప్పంగ
చచ్చినట్టి పెట్టె షాకు కొట్టె!

నిర్వాహకుడు: నడక హాయిగా ఉంది బాబాయ్. కానీ 'లోన' అంటే ఎక్కడ? ఫ్యూజు పోయిన సెట్టులో స్విచ్ వేసినా లోపలికి కరెంటే రాదు. ఫ్యూజు బాగుండి, పవర్ సప్లైలో సర్క్యూట్‌ని మొదలుపెట్టే స్టార్టింగ్ రెసిస్టర్ తెగిందనుకోండి, అప్పుడే అసలు భయం. 230 వోల్టుల ఏసీ, దాన్ని డీసీగా మార్చే బ్రిడ్జి దాటి, ఛార్జిని దాచుకునే పెద్ద కండెన్సర్‌లో దాదాపు 325 వోల్టుల డీసీగా చేరుతుంది. వాడుకునే సర్క్యూట్ నడవదు కాబట్టి అక్కడే కూర్చుంటుంది.

పెరంబూరు బాబాయి: నిజమే. మొదటి రెండు పాదాలు మారుస్తున్నా:

కాలలేదు ఫ్యూజు, కండెన్సరున ఛార్జి
వచ్చి చేరె కాని వదలలేదు;

నిర్వాహకుడు: ఇది కదా పూరణ! జబ్బేమిటో మొదటి పాదంలోనే తెలిసిపోయింది.

విల్లివాక్కం అక్కయ్య:

గాజు గొట్టమందు కరగని ఛార్జుండె;
టోపి కింద వేలు తోయగానె
నిన్నదాక నడిచి నేడు నోరెత్తని
చచ్చినట్టి పెట్టె షాకు కొట్టె!

పెరంబూరు బాబాయి: మూడో పాదం సమస్యలోకి జారిన తీరు అద్భుతం తల్లీ. విషయమూ సరైనదే. కలర్ ట్యూబ్ మీది రబ్బరు టోపీ కింద, యానోడ్ అనే కనెక్షన్ దగ్గర 20–25 వేల వోల్టులుంటాయి. గాజుకి లోపలా బయటా ఉన్న గ్రాఫైట్ పూత వల్ల ట్యూబే ఒక కండెన్సర్. రెండో పాదంలో మాత్రం 'టో'కి 'తో'తో యతి కుదరదు. 'మూత కింద వేలు మోపగానె' అను, సరిపోతుంది.

విల్లివాక్కం అక్కయ్య: సరిదిద్దుకున్నాను బాబాయ్. ఒక్క మాట, ట్యూబు గురించి కాదు, పవర్ సప్లైలోని పెద్ద కండెన్సర్ గురించి: దాని కాళ్లని స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయకండి, ఠప్పుమని బోర్డు మీది రాగి గీత లేచిపోతుంది. చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో హోల్డరూ తీగా కొనుక్కుని, ప్లగ్గు పీకాక ఆ కాళ్లకి 100 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బు తగిలించండి. ఒక్క క్షణం ఎర్రగా మెరిసి ఆరిపోతుంది. ఆ తర్వాత మీటర్ పెట్టి, సున్నా చూశాకే చెయ్యి పెట్టండి.

నిర్వాహకుడు: ఆ ఎర్రటి మెరుపు మీదే ఇంకో పూరణ రాయండి అక్కయ్యా.