కెమెరా నోటీసు నా పేరున వచ్చింది, కారు నడిపింది రూమ్మేట్. ఏం చేయాలి?

రెడింగ్ నుంచి:
అందరికీ నమస్కారం. ఈ ఏడాదే ఉద్యోగం మీద యూకే వచ్చాను. సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాను, నా పేరు మీదే ఉంది. పోయిన వారం మా రూమ్మేట్ వాళ్ళ అమ్మానాన్నల్ని హీత్రూ ఎయిర్‌పోర్టులో దింపడానికి ఆ కారు తీసుకెళ్ళాడు. ఇవాళ పోలీసుల నుంచి ఉత్తరం వచ్చింది. ఎం4 మోటర్‌వే మీద గంటకి 50 మైళ్ళ లిమిట్ ఉన్నచోట కారు 61లో వెళ్ళిందట. ఆ రోజు నేను ఇల్లు కదల్లేదు. కోర్టుకెళ్ళి కొట్టేయించుకోవచ్చా? రూమ్మేటేమో "వచ్చే నెల నాకు ఇక్కడి డ్రైవింగ్ టెస్టు ఉంది, నువ్వే నడిపానని రాసెయ్, డబ్బు నేనిస్తా" అంటున్నాడు. ఆఫీసులో ఒకరు జవాబివ్వకు, అదే పోతుందన్నారు.

లెస్టర్ నుంచి:
తమ్ముడూ, ముందు ఆ ఇద్దరి మాటా వినకు.

ఇంకా నీకు జరిమానా ఏమీ పడలేదు, కాబట్టి కొట్టేయించుకోవడానికి కేసే లేదు. వచ్చింది నోటీస్ ఆఫ్ ఇంటెండెడ్ ప్రాసిక్యూషన్, అంటే కేసు పెట్టే ఉద్దేశం ఉందని తెలిపే నోటీసు, దాంతోపాటు సెక్షన్ 172 ఫారం. కారు ఎవరి పేరున రిజిస్టరై ఉంటే వాళ్ళకే మొదట పంపుతారు. ఆ ఫారం అడిగేది ఒక్కటే: ఆ టైముకి నడిపిందెవరు? 28 రోజుల్లో రూమ్మేట్ పూర్తి పేరు, అడ్రసు, లైసెన్సు వివరాలు రాసి, సంతకం చేసి పంపు. పోస్టాఫీసులో సర్టిఫికెట్ ఆఫ్ పోస్టింగ్ ఊరికే ఇస్తారు, అడిగి తీసుకో. ఆన్‌లైన్లో నింపితే చివరి పేజీ సేవ్ చేసుకో. ఆ తర్వాత నోటీసు అతని పేరునే వెళ్తుంది.

జవాబివ్వకపోతే ఏమవుతుందో చూడు. స్పీడింగ్‌కి మామూలుగా 100 పౌండ్లు, లైసెన్సు మీద 3 పెనాల్టీ పాయింట్లు. నడిపిందెవరో చెప్పనందుకు 6 పాయింట్లు, 1000 పౌండ్ల దాకా జరిమానా, పైగా అది కోర్టు శిక్ష. ఎంఎస్90 అనే కోడ్ రికార్డులో పడితే ఇన్సూరెన్స్ కంపెనీలు ప్రీమియం బాగా పెంచేస్తాయి. రేపు ఐఎల్ఆర్‌కో (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) సిటిజన్‌షిప్‌కో అప్లై చేసేటప్పుడు కోర్టు శిక్షలన్నీ రాయాలి. నీ తప్పే లేనిచోట అంత భారం ఎందుకు మోస్తావు?

ఇక నువ్వే నడిపానని రాయడం అన్నిటికంటే ప్రమాదం. ఇక్కడ క్రిస్ హ్యూన్ అని మంత్రిగా చేసినాయన ఉన్నాడు. 2003లో ఆయన స్పీడింగ్ పాయింట్లు భార్య విక్కీ ప్రైస్ తన మీద వేసుకుంది. పదేళ్ళ తర్వాత, 2013లో, ఇద్దరికీ ఎనిమిదేసి నెలల జైలు పడింది. స్పీడింగ్‌కి కాదు, న్యాయప్రక్రియను తప్పుదోవ పట్టించినందుకు. వీసా మీద ఉన్నవాళ్ళం, స్నేహం కోసమైనా అంత దూరం పోకూడదు.

రూమ్మేట్‌కి ఇది చెప్పు: 50లో 61 అంటే మామూలుగా స్పీడ్ అవేర్‌నెస్ కోర్సు ఆఫర్ చేసే పరిధిలోనే ఉంటుంది. మూడేళ్ళలో అలాంటి కోర్సు చేసి ఉండకపోతే చాలు. ఫీజు కట్టి కూర్చుంటే పాయింట్లు పడవు, టెస్టుకీ అడ్డం రాదు. అతని భయం పోతే అతనే ముందుకొస్తాడు.

నాకు అసలు బెంగ వేరే ఉంది. ఆ రోజు అతనికి నీ కారు మీద ఇన్సూరెన్స్ ఉందా? ఇక్కడ మామూలుగా పాలసీలో పేరున్నవాళ్ళకే కవర్. మన ఊళ్ళో బండి తాళాలు ఇచ్చినంత తేలిగ్గా ఇక్కడ ఇవ్వకూడదు. ఇన్సూరెన్స్ లేకుండా నడిపితే అతనికి 6 నుంచి 8 పాయింట్లు, నడపమని కారిచ్చిన నీకూ అంతే. ఒకవేళ లేదంటే ఫారం పంపే ముందు సొలిసిటర్‌ని (లాయర్ని) కలువు. అబద్ధం మాత్రం రాయకు.

స్లౌ నుంచి:
అన్నయ్యగారు చెప్పినదానికి రెండు మాటలు. ఉత్తరం మీద తేదీలు చూడు బాబూ. మొదటి నోటీసు రిజిస్టర్డ్ కీపర్‌కి, అంటే కారు ఎవరి పేరున ఉందో వాళ్ళకి, నేరం జరిగిన 14 రోజుల్లోపు అందాలి. లేటుగా వస్తే స్పీడింగ్ కేసు సాధారణంగా నిలవదు, అయినా 172కి జవాబివ్వాల్సిందే. రూమ్మేట్‌కి వెళ్ళే నోటీసుకి ఈ 14 రోజుల లెక్క వర్తించదు. ఇల్లు మారితే వీ5సీలో (కారు రిజిస్ట్రేషన్ పత్రం) అడ్రసు వెంటనే మార్పించు. నోటీసు పాత ఇంటికి పోయి, నువ్వు లేకుండానే కోర్టులో శిక్ష పడిపోయిన సందర్భాలున్నాయి. అలా జరిగితే విషయం తెలిసిన 21 రోజుల్లోపు కోర్టులో స్టాట్యుటరీ డిక్లరేషన్ (ప్రమాణం చేసి ఇచ్చే రాతపత్రం) ఇచ్చి కేసు మళ్ళీ తెరిపించుకోవచ్చు.

ఇంకోటి, కౌన్సిల్ నుంచి బస్ లేన్, పార్కింగ్ పెనాల్టీ ఛార్జ్ వస్తే అది వేరే దారి. అక్కడ ఎవరు నడిపినా కట్టాల్సింది ఓనరే, పాయింట్లు ఉండవు. "నేను నడపలేదు" అంటే చెల్లదు. గడువులోపు కడితే సగమే.

రెడింగ్ నుంచి:
అన్నా, అక్కా, చాలా థాంక్స్. ఆ రోజుకి అతను ఒకరోజు ఇన్సూరెన్స్ తీసుకున్నాడు, ఈమెయిల్ ఉంది. కోర్సు సంగతి చెప్పగానే ఒప్పుకున్నాడు. తేదీ చూస్తే ఆరో రోజుకే వచ్చింది.

లెస్టర్ నుంచి:
అయితే నిశ్చింతగా పంపెయ్. ఆ ఈమెయిల్‌లో మొదలైన టైము, ముగిసిన టైము చూసి, కెమెరా టైము ఆ మధ్యలో ఉందో లేదో ఇప్పుడే సరిచూసుకో. ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ పీడీఎఫ్ నువ్వూ ఒకటి దాచుకో, పోలీసులు నిన్నూ అడగొచ్చు.