దుబాయ్ వ్యాట్ వాపసు కార్డుకు తీసుకుంటే ఎంత వస్తది?

పాలమూరు పిల్లగాడు: దేవరకొండ నుంచి మావోళ్లు నలుగురు దుబాయ్ పోతున్నరు. 2100 దిర్హాముల సామాన్లు కొంటే ధరల కలిసి ఉన్న పన్ను, అంటే వ్యాట్ 5 శాతం, టూరిస్టులకు మొత్తం వాపసు వస్తదా? ఏ కార్డు ఇయ్యాలె?

మిర్యాలగూడ అన్న: మొత్తం రాదు తమ్మీ. 2100ల సామాన్ల అసలు ధర 2000, వ్యాట్ 100. దాంట్ల దాదాపు 85 శాతమే ఇస్తరు, మళ్ల ఒక్కో ట్యాగ్‌కు (వాపసు కోసం దుకాణమోళ్లు బిల్లుకు ఇచ్చే గుర్తు) 4.80 కోత. అంటే ఒకే బిల్లయితే సుమారు 80 దిర్హాములు. అందుకే చిన్న చిన్న బిల్లులు చేపియ్యొద్దు. 250కి తక్కువైతే అసలు లెక్కల్నే పట్టరు. కొన్నప్పుడే పాస్‌పోర్టు చూపి ట్యాగ్ అడగాలె, తర్వాత అడిగితే కష్టం. హోటల్ బిల్లుకు, తిండికి రాదు.

నల్లగొండ అక్క: అందరు తప్పేది ఎయిర్‌పోర్టుల. బ్యాగు చెక్-ఇన్‌ల ఏసినంక వాపసు కౌంటర్‌కు పోతరు, వాళ్లు సామాను చూపియ్యమంటే ఏం చూపిస్తరు? ముందు అక్కడ తనిఖీ, తర్వాతనే బ్యాగు. కొన్న 90 రోజులల్ల అయిపోవాలె.

కార్డంటే వీసా, మాస్టర్‌కార్డ్ క్రెడిట్ కార్డే మేలు. ఫారెక్స్ ప్రీపెయిడ్ కార్డుల (ముందే విదేశీ డబ్బు నింపుకునే కార్డులు) మీద వాపసు చానాసార్లు పడదు. త్వరలో మూసేసే కార్డు అస్సలే ఇయ్యొద్దు. రూపాయలల్లకు మారేటప్పుడు రేటుల ఇంకింత పోతది, అది లెక్కేస్కో.

పాలమూరు పిల్లగాడు: వాపసు పడ్డట్టు మెసేజ్ రాకపోతే?

నల్లగొండ అక్క: మెసేజ్ కాదు, కార్డు స్టేట్‌మెంట్ల జమ చూడు. రసీదు పారేయకు.