కొండలో సొరంగం తవ్వితే మా బావి ఎండుతుందా?

ప్రశ్న: మా ఊరి గట్టులో సొరంగం కోసం సర్వే చేస్తున్నారు. మా దిగుడుబావిలో నీళ్లు ఎండాకాలంలోనూ నాలుగు మెట్లే కిందికి దిగుతాయి. సొరంగం ఎంతో లోతున కదా, అయినా దెబ్బేనా? ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్.

జవాబు: లోతు ఒక్కటే చూడకండి. గట్టి రాతిలో నీళ్లు పగుళ్లలోనే ఉంటాయి, నిల్వ చాలా తక్కువ. సొరంగంలో పీడనం తక్కువ కాబట్టి దానికి కలిసిన పగుళ్ల నీళ్లు అటు పారతాయి. మీ బావికి ఊట ఇచ్చే పగులు దానికి కలిస్తే మట్టం పడిపోతుంది. కలవకపోతే పక్కనే ఉన్నా ఏమీ కాకపోవచ్చు. 2009 డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని జోషీమఠ్ దగ్గర తపోవన్–విష్ణుగాడ్ జలవిద్యుత్ ప్రాజెక్టు సొరంగంలో తవ్వే యంత్రం నీటి పొరను చీల్చితే సెకనుకు 700–800 లీటర్లు వచ్చిపడ్డాయి.

మరో జవాబు: ముందుగా బోర్లు వేసి చూసి, పగుళ్లలోకి సిమెంటు గ్రౌట్ (పగుళ్లను మూసే పలుచని ముద్ద) ఎక్కిస్తే ఊట చాలావరకు ఆగుతుంది. గ్రౌట్‌లో ఏం కలుపుతున్నారో కూడా అడగండి. స్వీడన్‌లోని హల్లాండ్సోస్ రైలు సొరంగంలో 1997లో ఊట ఆపడానికి గ్రౌట్‌గా వాడిన రసాయనం నీళ్లలో కలిసి చేపలు చచ్చాయి, పశువులు జబ్బుపడ్డాయి. 1992లో మొదలైన ఆ పని 2015లో గానీ పూర్తికాలేదు. మీరైతే ఇప్పటినుంచే తాడుకు రాయి కట్టి నెలనెలా నీటిమట్టం కొలిచి, తేదీ వేసి, ఫోటో తీసి పెట్టండి. పని మొదలయ్యాక కొలిస్తే పాత లెక్క ఏదని అడుగుతారు.